ఒప్పుకోనివాళ్ల గడి

సెప్టెంబరు 2

అత్తా,

ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారని నువ్వంటే జోక్ అనుకున్నాను. ఆదివారం ఒక్క గంట ఇస్తారు. ఆ గంటలో నాన్న మాట్లాడతాడు, అమ్మ మాట్లాడుతుంది, నా వంతు వచ్చేసరికి "బాగా చదువుకో" అని పెట్టేస్తావు. అయినా పక్కన వాళ్లిద్దరూ నిలబడి ఉంటే నేనేం చెప్తాను. అందుకే ఈ ఉత్తరం. మీ హాస్టల్ అడ్రస్ నాన్న డైరీలోంచి తీశాను. ఇందులో ఒక్క ముక్క కూడా నాన్నకి చెప్పకు. జవాబు మా ఫ్రెండ్ వాళ్ల స్టేషనరీ షాపుకి రాయి, అడ్రస్ కవరు వెనకాల ఉంది.

నేనొక పని చేశాను.

లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి. వందకి. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టేశాను. నాన్న మా స్కూలు బస్సే నడుపుతాడు కదా, లెక్కల సార్ రోజూ ఆ బస్సులోనే ముందు సీట్లో కూర్చుంటాడు. ఆ కార్డు చూశాక నాన్న అద్దంలోంచి సార్ మొహం ఎలా చూస్తాడు అనిపించింది. నాన్న సంతకం చాలా ఈజీ. మొదట కొక్కెం, తర్వాత పురుగు పాకినట్టు ఒక గీత, చివర చుక్క. నేను చుక్క మర్చిపోయాను. మా ప్రిన్సిపల్ ఉందిగా, అందరూ పెద్ద మేడమ్ అంటారు, ఆవిడ పట్టేసింది. నాన్న రోజూ బస్సు తాళాలు తీసుకునే రిజిస్టర్‌లో పేజీ పేజీకీ చుక్కలున్నాయి మరి.

నాన్నకి మాత్రం చెప్పలేదు. నన్ను గదిలోకి పిలిచి ఎవరిదో పాత కాగితం ఇచ్చి, అలాగే రాసి చూపించమంది. రాశాను. ఇంకోటి ఇచ్చింది. అదీ రాశాను. అప్పుడు నవ్వింది. తిడితే ఇంత భయం వేసేది కాదు.

వచ్చే నెల రాజ్యాంగ వారం. ప్రభుత్వం వాళ్లు అన్ని స్కూళ్లకీ ఒక పెట్టె పంపారు. అందులో గోడకి పెట్టే పోస్టర్, టీచర్లకి ఒక పుస్తకం, పన్నెండు కార్డులు ఉన్నాయి. ఒక్కో కార్డులో ఒక్కో యాక్టివిటీ. ఐదో కార్డు పేరు 'మన తరగతి రాజ్యాంగం'. పిల్లలే కూర్చుని వాదించుకుని మూడు రూల్స్ రాసుకోవాలి. చార్టులో మూడు గడులు గీయాలి. మొదటి గడిలో రూల్స్, రెండో గడిలో ఒప్పుకున్నవాళ్ల సంతకాలు, మూడో గడిలో ఒప్పుకోనివాళ్ల సంతకాలు. చూడ్డానికి బయటి నుంచి మనుషులు వస్తారు, బాగా చేసిన స్కూలుకి షీల్డు ఇస్తారు.

మా స్కూల్లో పద్దెనిమిది సెక్షన్లు. పద్దెనిమిది చార్టులూ నేనే రాయాలి. అదే నా పనిష్మెంట్. రాస్తే నా కార్డు ఆవిడ బీరువాలోనే ఉంటుందట, లేకపోతే నాన్న చేతికి వెళ్తుందట. పిల్లలు మాత్రం బాగా చేశారు అత్తా. చేతులెత్తి ఓటేసి రూల్స్ రాసుకున్నారు. నేను ఫెయిర్ చేస్తున్నానంతే.

ఈ ఉత్తరం చించెయ్.

ఉడత

—

సెప్టెంబరు 8

ఒసే ఉడతా,

చించలేదు. నా జన్మలో నాకొచ్చిన మొదటి ఉత్తరం, చించడమేంటి. ట్రంకు పెట్టెలో అడుగున, నా మంచి చీర మడతలో పెట్టాను. చిన్నప్పుడు పెన్సిల్ ముక్కలూ బొత్తాలూ పరుపు కింద దాచేదానివని నీకు ఉడత అని పేరు పెట్టాను. ఇప్పుడు సంతకాలు దాస్తున్నావన్నమాట.

ఆ చుక్క సంగతి నీకు తెలియదు. మీ నాన్నకి సంతకం నేర్పింది నేను. చెల్లెల్ని అయినా నేను ఎనిమిది దాకా చదివాను, వాడు మూడులోనే మానేశాడు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వారం రోజులు కూర్చోబెట్టి నేర్పించాను. తీరా ఆఫీసులో భయానికి పెన్ను గట్టిగా నొక్కేసరికి చివర్లో చుక్క పడింది. అక్కడి గుమాస్తా, ఇకనుంచి ఎక్కడైనా ఇలాగే పెట్టాలి, తేడా వస్తే చెల్లదు అన్నాడట. అంతే, ఇరవై ఏళ్లుగా ఆ చుక్క వదల్లేదు మహానుభావుడు. దాన్ని నువ్వు ఎగ్గొట్టావు. బుద్ధి లేదా అని అడగాలనుంది కానీ, అడిగితే ఇంకో ఉత్తరం రాయవేమోనని ఊరుకుంటున్నాను.

అసలు విషయం విను. మీ పెట్టె లాంటిదే మా ఫ్యాక్టరీకీ వచ్చింది. పని చేసే చోట్లకి వేరే కార్డులున్నాయి. మేం హాజరు వేలిముద్ర వేసే మిషన్ పక్కన పోస్టర్ అంటించారు. మొదటి మాటే 'మేము' అని ఉంది. మంగళవారం మేనేజరు చొక్కా కాలర్లు కుట్టే మా లైనుకి టైపు చేసిన కాగితం ఒకటి తెచ్చి, కాలర్ లైన్ వాళ్లందరూ సంతకాలు చేయండి, ఫొటో తీసుకుంటాం అన్నాడు. అదీ 'మేము' అనే మొదలైంది. మేము సంతోషంగా ఉన్నాము, మేము కుటుంబంలా ఉన్నాము. అందులో మేమెవరమూ లేము.

మామూలుగా అయితే సంతకం చేసేసి మిషన్ ఎక్కేదాన్ని. కానీ నీ ఉత్తరం ముందురోజే వచ్చింది. లేచి, మా మేనకోడలి బడిలో పిల్లలు చేతులెత్తి ఓటేసి రాసుకున్నారు సార్, వాళ్లపాటి చేయలేమా మేము అన్నాను. లైనంతా మిషన్లు ఆపేసింది. ఆయన నవ్వి, సరే రాయండి, కానీ హెడ్డాఫీసు వాళ్లు చూస్తారు, ఒకవైపు ఇంగ్లీషులో కూడా ఉండాలి, నీట్‌గా ఉండాలి అన్నాడు. చేయలేం అనుకున్నాడు.

హాస్టల్ భోజనాల గదిలో కూర్చుని రాశాం. అరిచుకున్నాం కూడా. చివరికి మూడు తేలాయి.

ఒకటి. టాయిలెట్‌కి టోకెన్ వద్దు. (సూపర్‌వైజర్ బల్ల మీద పసుపు ప్లాస్టిక్ బిళ్ల ఒకటుంటుంది. ముప్పై ఒక్క మందికి అదొక్కటే. అది చేతిలో ఉంటేనే వెళ్లాలి.)

రెండు. సూది వేల్లో దిగితే ముందు మనిషిని చూడాలి, తర్వాత బట్ట మీద మరకని.

మూడు. సంతకం చేయమనే ఏ కాగితమైనా ముందు పైకి చదివి వినిపించాలి.

ముప్పై మంది ఒప్పుకున్నారు. ఇస్త్రీ పెద్దక్కకి రాయడం రాదు, వేలిముద్ర వేసింది. ఒక్కత్తి ఒప్పుకోలేదు. మొహం ఎప్పుడూ అలాగే పెడుతుందని నిమ్మకాయ అంటాం. లైను చివర్లో కాలర్లు లెక్కపెట్టేది ఆవిడే. టోకెన్ లేకపోతే అందరూ ఒకేసారి లేచిపోతారు, ఆ తిట్లు నేను తినాలి అంది. సరే తల్లీ, నీ గడిలో నువ్వు పెట్టు అంటే మూడో గడిలో ఒక్కతే దర్జాగా సంతకం పెట్టింది.

కాగితం ఇందులో పెడుతున్నాను. మిషన్ నూనె అంటింది. నీ చేత్తో ఫెయిర్ చేసి, వెనక ఇంగ్లీషులో రాసి, ఇరవై లోపు పంపు. మీ పిల్లల రూల్స్ ఏంటో కూడా రాయి, ఇక్కడందరూ అడుగుతున్నారు.

మీ అత్త

—

సెప్టెంబరు 13

అత్తా,

షీటు పంపుతున్నాను. రెండు రోజులు పట్టింది. ఇంగ్లీషులో 'టోకెన్ వద్దు' అని రాస్తే మరీ చిన్నగా కనిపించింది, కొంచెం పెద్ద మాటలు వేశాను. మూడో గడి కాస్త గజిబిజిగా ఉంటే నీట్‌గా సర్దాను. చూస్తే ప్రింట్ అనుకుంటారు.

అసలు కాగితం నా దగ్గరే దాచాను. ఎక్కడని అడగకు.

మా పిల్లల రూల్స్ అడిగావు. బోలెడున్నాయి. 'మేము క్రమశిక్షణతో ఉంటాము' లాంటివి. పదకొండు చార్టులు అయిపోయాయి. వేళ్లు నొప్పిగా ఉన్నాయి. మేడమ్ రోజూ వచ్చి వెనకాల నిలబడి చూస్తుంది. నిన్న భుజం మీద చెయ్యి వేసి, "మీ నాన్న మంచి డ్రైవరు, నాకు ఆయనంటే గౌరవం" అంది. ఎందుకన్నదో నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

అమ్మ పిలుస్తోంది. ఉంటాను.

ఉడత

—

సెప్టెంబరు 22

ఉడతా,

ఇది కోపంతో రాస్తున్నాను. కూర్చుని చదువు.

నీ కాగితం విప్పి చూసి మురిసిపోయాను. చుట్టూ తీగ బొమ్మ వేశావు, ఎంత అందంగా ఉందో. సంతకాలుండేసరికి, అసలు కాగితాన్ని ఏదో మిషన్లో పెట్టి తీయించావు కాబోలు అనుకున్నాను. నా సంతకం చూసి నేనే నాదనుకున్నాను. సోమవారం మేనేజరుకి ఇచ్చాను.

ఆయన కళ్లజోడు పెట్టుకుని లైనంతా నిలబెట్టి పేర్లు ఒక్కొక్కటీ చదివాడు. నిమ్మకాయ పేరు వచ్చింది. ఒప్పుకున్నవాళ్ల గడిలో. ఆవిడ లేచి, నేను ఒప్పుకోలేదు కదా, నా పేరు అక్కడికెలా పోయింది అంది. మూడో గడి చూస్తే ఖాళీ. తీగ బొమ్మలో పువ్వు మాత్రం ఉంది.

అప్పుడు ఇస్త్రీ పెద్దక్కని పిలిచి వేలు చూపించమన్నాడు. పోయినేడు ఆవిడ బొటనవేల్లో సూది అటునుంచి ఇటు దిగింది, ముద్ర వేస్తే అడ్డంగా గీత పడుతుంది. నీ కాగితం మీద ముద్ర నున్నగా ఉంది. చిన్నగా ఉంది. అది నీ వేలు కదే?

ముప్పై ఒక్క సంతకాలూ దొంగవే, ఎవరు చేశారు అన్నాడు. నేనే అన్నాను. ఇంకేమనను, నీ పేరు చెప్పనా.

ఇప్పుడు నన్ను లైనులోంచి తీసేసి గేటు గదిలో స్టూలు మీద కూర్చోబెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చోవాలి. ముప్పయ్యో తారీఖు ఎంక్వయిరీ. అసలు కాగితం చూపించకపోతే ఉద్యోగం, హాస్టల్ మంచం రెండూ పోతాయి. మిగతావాళ్లు ఆ టైపు కాగితం మీద సంతకం చేయాలి. నిన్న భోజనాల దగ్గర పెద్దక్క నా పక్కన కూర్చోలేదు. వాళ్ల పేర్లు నేను అమ్మేసుకున్నానని సగం మంది అనుకుంటున్నారు.

ఫెయిర్ చేయమన్నాను గానీ మనుషుల సంతకాలు నిన్ను చేయమన్నానా? ఒప్పుకోని మనిషిని ఒప్పుకున్నదాన్ని ఎలా చేస్తావు? మీ బడిలో కూడా ఇలాగే చేస్తున్నావా? కాదులే, అక్కడ పిల్లలు చేతులెత్తారు కదా. ఆ మాట చెప్పే కదా వీళ్లందర్నీ లేపాను.

ఆ కాగితం ఉందా, పారేశావా?

అత్త

—

సెప్టెంబరు 25

అత్తా,

కాగితం ఉంది. ఇదే కవరులో ఉంది. ముందు అది తీసి భద్రంగా పెట్టుకుని తర్వాత చదువు.

ఎవరూ చేతులెత్తలేదు. ఓటు లేదు. ఏదీ జరగలేదు. పెట్టె వచ్చిన రోజే మేడమ్ కార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. రూల్స్ ఆవిడే టైపు చేసి ఇచ్చింది. అన్ని సెక్షన్లకీ అవే, వరస మార్చి. హాజరు పట్టీ ఇచ్చి పేర్లు కూడా నన్నే రాయమంది, ఒక్కోటి ఒక్కోలా ఉండాలంది. ఏడు వందల పేర్లు అత్తా. ఒకటో తరగతి వాళ్లవి ఎడమచేత్తో రాశాను, వంకరగా రావాలని. మూడో గడి సంగతి అడిగితే, "అది ఖాళీగా ఉంచు, వచ్చేవాళ్లు చూస్తే బాగుండదు" అంది. అలా పది పదకొండు సార్లు ఖాళీ వదిలాక, మీ కాగితం ముందు పెట్టుకున్నప్పుడు నా చెయ్యి దానంతటదే నిమ్మకాయ గారి పేరు ఒప్పుకున్నవాళ్ల గడిలోకి తీసుకెళ్లిపోయింది. తప్పు చేస్తున్నానని ఆ టైములో అనిపించను కూడా లేదు. అది తల్చుకుంటేనే ఎక్కువ భయంగా ఉంది. వేలిముద్ర కూడా నాదే. స్టాంప్ ప్యాడ్ మీద నొక్కి, చూసుకుని మురిసిపోయాను కూడా.

నీకు అబద్ధం ఎందుకు చెప్పానంటే, నిజం రాస్తే, సంతకాలు దాస్తున్నావన్న నీ మాట ఇక జోక్ అవదు. అంతే.

కాగితం ఎక్కడ దాచానో ఇప్పుడు చెప్తాను. నాన్న బస్సులో చివరి సీటుకి రెగ్జిన్ చిరిగింది, ఆ స్పాంజి లోపల. చిన్నప్పటి నుంచీ నా చోటు అదే. నిన్న సాయంత్రం అందరూ దిగాక చెయ్యి పెడితే తగల్లేదు. స్పాంజి కింద ఇంకా లోపలికి జారిపోయింది. మోచేతి దాకా చెయ్యి దూర్చితే దొరికింది. నాన్న, ఏం పారేసుకున్నావ్ అన్నాడు. రబ్బరు అన్నాను. ఆయన కూడా వంగి సీట్ల కింద వెతికాడు. పాపం, రబ్బరు దొరకలేదని రేపు కొత్తది కొనిస్తానన్నాడు.

ఇంకో కాగితం కూడా పెడుతున్నాను. అది నా స్టేట్‌మెంట్. 'ఆ షీటు మీద సంతకాలన్నీ నేనే చేశాను, మా అత్తకి తెలియదు' అని రాసి నా పేరు, తరగతి, సెక్షన్, స్కూలు పేరు వేశాను. మీ మేనేజరుకి ఇవ్వు. ఆయన మా స్కూలుకి ఫోన్ చేస్తాడేమో. చేస్తే మేడమ్ బీరువా తీస్తుంది. నాన్న ఉద్యోగం ఆవిడ చేతిలో ఉంది. అయినా ఇవ్వు.

ఆ స్టేట్‌మెంట్ రాయడానికి ఆరు కాగితాలు చించాను. కూర్చుంటే నా చేతిరాత ఏదో నాకు గుర్తు రాలేదు. ఒకసారి మా క్లాస్ లీడర్‌లా వచ్చింది, ఒకసారి నీలా వచ్చింది. చివరికి ఎలా వస్తే అలా రాసేశాను. అసహ్యంగా ఉంది, సారీ.

పోస్టాఫీసులో రిజిస్టర్డ్ చేయాలంటే పంపేవాళ్ల పేరు అడిగారు. షాపు పేరు చెబుదామనుకున్నాను. నా పేరే చెప్పాను.

ఉడత

—

అక్టోబరు 1

ఉడతా,

ఉద్యోగం ఉంది. మంచం ఉంది. ముందు ఊపిరి పీల్చుకో.

ఎంక్వయిరీ గదిలో మేనేజరు, హెడ్డాఫీసు ఆయన ఒకరు, నేను. నూనె మరకల కాగితం బల్ల మీద పెట్టాను. మేనేజరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ఇది మాత్రం నువ్వు చేసింది కాదని ఏంటి నమ్మకం అన్నాడు. పెద్దక్క చెబితే నా స్నేహితురాలంటారు. ఎవరు చెప్పినా, ఒప్పుకున్నవాళ్లు కదా, అంతా ఒకటే అంటారు.

అప్పుడు తలుపు తోసుకుని నిమ్మకాయ వచ్చింది. పిలవలేదు, టోకెన్ చేత్తో పట్టుకుని వచ్చింది, టాయిలెట్‌కని చెప్పి. కాగితం చూసి, మూడో గడిలో వేలు పెట్టి ఇలా అంది: "ఇది నా సంతకం. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఈ కాగితం నిజం. ఆ రాత్రి వీళ్లతో గంటసేపు పోట్లాడాను, నాకు తెలియదా."

హెడ్డాఫీసు ఆయన, మీరు ఒప్పుకోనప్పుడు వీళ్ల తరఫున ఎందుకు మాట్లాడుతున్నారు అన్నాడు. "వీళ్ల తరఫున కాదు, నా సంతకం తరఫున" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నం లైనంతా వచ్చి మేనేజరు టైపు కాగితం తిరగేసి, దాని వెనకాల మళ్లీ సంతకాలు చేశారు, ఆయన చూస్తుండగానే. పెద్దక్క గీత పడ్డ వేలు నొక్కింది. నిమ్మకాయ మూడో గడి గీయించుకుని మరీ పెట్టింది. ఇప్పుడు నూనె కాగితం పోస్టర్ పక్కన ఉంది. నీ తీగల కాగితం పెద్దక్క అడిగి తీసుకుంది, ముగ్గులాగా బాగుందట, మంచం దగ్గర అంటించుకుంది.

అన్నీ గెలిచామనుకోకు. నన్ను కాలర్ లైన్లోకి రానివ్వలేదు, దారాలు కత్తిరించే బల్ల దగ్గర వేశారు. టోకెన్ తీయలేదు. కానీ పసుపు బిళ్ల నిన్న కనిపించకుండా పోయింది. సూపర్‌వైజర్ ఎర్రది తెచ్చాడు. ఈ రోజు అదీ లేదు. ఎవరు తీస్తున్నారో నాకు తెలియదు. నువ్వూ అడగకు.

ఇక నీ సంగతి. తిట్టాలనుకున్నాను, తిట్టడానికి ఓపిక లేదు. లేని ఓటు చెప్పి ముప్పై మందిని లేపానే నేను. వాళ్లు లేచి నిలబడ్డారు. ఇప్పుడు వెనక్కి వెళ్లి, అది అబద్ధమట, కూర్చోండి అని చెప్పనా? చెప్పను. మీ బడిలో పిల్లలు ఎలా చేశారో పెద్దక్క రోజూ అడుగుతోంది. ఆవిడకి నిజం చెప్పాలి. నిజమయ్యే దాకా చెప్పను. అది నీ పని.

మీ నాన్న ఉద్యోగం గురించి భయపడుతున్నావు. నాకూ భయమే, నా అన్న. కానీ వాడికి తెలియకుండా వాడిని కాపాడుతున్నానని అనుకోకు. ఆవిడ నిన్ను పట్టుకుంది నాన్నతో కాదు, నాన్నకి తెలియకపోవడంతో.

నీ స్టేట్‌మెంట్ తిరిగి పంపుతున్నాను. ఇక్కడ దానితో పని పడలేదు. అక్కడ పడుతుంది.

మీ అత్త

—

అక్టోబరు 9

అత్తా,

నిదానంగా రాస్తాను, వరసగా.

ఆరో తారీఖు సాయంత్రం షెడ్డులో నాన్న బస్సు కడుగుతుంటే పక్కన బకెట్ పట్టుకుని నిలబడి అంతా చెప్పాను. లెక్కలు, కార్డు, చార్టులు, నువ్వు, స్టూలు, అన్నీ. నాన్న అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచాడు. "చుక్క మర్చిపోయావా" అన్నాడు. అవునన్నాను. "ముప్పై ఒకటా" అన్నాడు. అదీ అవునన్నాను. మొహం కడుక్కుని వచ్చి, "రేపు బస్సు షెడ్డుకి తీసుకెళ్లను, గేటు దగ్గరే ఆపి ఉంటాను. నువ్వు ఏం చేయాలనుకుంటున్నావో అది చెయ్" అన్నాడు. అమ్మ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఏడో తారీఖు ఫస్ట్ పీరియడ్‌లో మా క్లాస్ టీచర్ పూలకుండీలు సర్దించడానికి వెళ్లింది. నేను లేచి బోర్డు మీద ఐదో కార్డులో ఉన్నది రాశాను. నా గొంతు నాకే వినిపించలేదు, వెనక బెంచీ వాళ్లు గట్టిగా చెప్పమన్నారు. గోడ మీదున్న మన చార్టులో మీ పేర్లు నేను రాశాను, కావాలంటే చూసుకోండి అన్నాను. అందరూ లేచి వెళ్లి చూశారు. ఒకడు, నా సంతకం నాకన్నా నువ్వే బాగా పెట్టావు అన్నాడు. ఒకమ్మాయికి ఏడుపొచ్చింది. తర్వాత అరుపులు మొదలయ్యాయి. ముప్పై ఎనిమిది మంది, ఇరవై నిమిషాలు. మూడు రూల్స్ కుదర్లేదు, ఒక్కటే తేలింది:

'మా పేరు మేమే రాస్తాం.'

ముప్పై మూడు మంది ఒప్పుకున్నారు. ఐదుగురు ఒప్పుకోలేదు. ఒకడికి ఫోన్లు తెచ్చుకునే రూల్ కావాలట. ఇద్దరికి భయం. ఒకమ్మాయి కారణం చెప్పనంది. ఇంకొకడు ఎప్పుడూ దేనికీ ఒప్పుకోడు. ఐదుగురూ మూడో గడిలో సంతకాలు పెట్టారు. భయం అన్నవాళ్లు కూడా పెట్టారు అత్తా. వాళ్ల పెన్ను ఎంత గట్టిగా నొక్కారో, చార్టు వెనక్కి తిప్పితే తెలుస్తుంది. పాతది పీకి ఇది అంటించాం. బంక సరిపోలేదు, ఒక మూల వేలాడుతోంది.

పదకొండింటికి చూడ్డానికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు ఆడవాళ్లు, ఫైలు పట్టుకున్న ఒక పెద్దాయన. మిగతా చార్టులన్నీ కారిడార్‌లోంచి చూసుకుంటూ మా గదికి వచ్చారు. పెద్దాయన వేలాడుతున్న మూల ఎత్తి పట్టుకుని, "ఈ ఒక్క తరగతిలోనే ఒప్పుకోనివాళ్లున్నారేమిటి" అని అడిగాడు. మేడమ్ నోరు తెరిచింది. ఆవిడ ఇంకా చార్టు చూడలేదు, ఆయన మొహమే చూస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. "మిగతా పదిహేడూ నేను రాశాను సార్. వాళ్లనెవరూ అడగలేదు" అని నీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన స్టేట్‌మెంట్ ఇచ్చాను. వెనకాల స్కూలు చార్టుల గురించి ఇంకో నాలుగు లైన్లు కలిపాను.

మేడమ్ చాలా మెల్లిగా, బాధపడుతున్నట్టు, ఈ అమ్మాయికి ఇది అలవాటు సార్, వాళ్ల నాన్న సంతకం కూడా ఇలాగే పెట్టింది అంది. నెల పైనుంచి ఏ మాటకి భయపడి చచ్చానో ఆ మాట అందరి ముందూ వచ్చేసింది. వచ్చాక చూస్తే అది అంతే ఉంది. "అవును, అదీ నేనే పెట్టాను. నాన్నకి తెలుసు. గేటు దగ్గరే ఉన్నాడు, అడగండి" అన్నాను.

ఆయన నిజంగానే గేటు దగ్గరికి వెళ్లాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాన్న చెప్పలేదు. షీల్డు రాలేదు. నన్ను పది రోజులు స్కూలుకి రావద్దన్నారు. నాన్నని తాళాలు ఆఫీసులో ఇచ్చేయమన్నారు. నాన్న ఆఫీసుకి వెళ్లి, రిజిస్టర్ తెరిచి, సాయంత్రం ట్రిప్పుకి బస్సు తీసుకున్నట్టు సంతకం పెట్టి, "పిల్లలు ఎక్కాలి, వాళ్లని దింపాక మాట్లాడదాం మేడమ్" అని వచ్చేశాడట. నిన్నా అలాగే చేశాడు. ఈ రోజు కూడా. రేపు ఏమవుతుందో తెలియదు. లెక్కల సార్ మాత్రం ముందు సీట్లోనే కూర్చుంటున్నాడట. నన్ను ఇంటికి పంపమన్నాడట, లెక్కలు చెప్తానని.

నాకు భయం పోలేదు అత్తా. పోతుందనుకున్నాను. స్టేషనరీ షాపు ముందు మేడమ్ కారు ఆగితే ఇప్పటికీ పక్క సందులోకి తప్పుకుంటాను. కానీ మొన్న ఆరో తరగతి పిల్లలు నలుగురు ఇంటికి వచ్చి, మా చార్టు కూడా మాకు కావాలి, కార్డు ఎక్కడుంది అని అడిగారు. కార్డులు ఇప్పుడు రెండు తాళాల వెనక ఉన్నాయి. అందులో ఉన్నదంతా నాకు కంఠతా వచ్చు. ఇంట్లో కూర్చుని రాసి ఇస్తున్నాను, ఒక్కో సెక్షన్‌కి ఒకటి. పదకొండు అయ్యాయి. నాన్న బస్సులో చివరి సీట్లోంచి వెళ్తున్నాయి.

పెద్దక్కకి చెప్పు, మా పిల్లలు వాదించుకుని రాశారని. ముప్పై మూడు, ఐదు. నిమ్మకాయ గారికి ఆ ఐదుగురి సంగతి కూడా చెప్పు.

చేతిరాత చూసి ఎవరో రాశారనుకోకు. నా అసలు రాత ఇలాగే ఉంటుందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 'ళ' నాకు అస్సలు బాగా రాదు.

ఈ ఉత్తరం నాన్నకి పైకి చదివి వినిపించాను, మీ మూడో రూల్ ప్రకారం. విని, పెన్ను అడిగాడు. కింద ఉన్న సంతకం నేను పెట్టింది కాదు. చుక్క దగ్గర కాగితానికి చిల్లు పడింది, చూడు.

ఉడత